జ్ఞాన దంతం తీయించుకున్నాక ఏం తినాలి? సీమ ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇళ్లల్లో జ్ఞాన దంతం తీయించుకుని వచ్చిన మనిషికి రెండు వైపుల నుంచి సలహాలు వస్తాయి. ఫోన్‌లో వెతికితే అవకాడో, స్మూతీ, ప్రోటీన్ షేక్ అంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు మజ్జిగన్నం తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దంటారు. మొదటిది మన వంటింట్లో ఉండదు, రెండోదొక్కటే అయితే పుండు మానడానికి చాలదు. నిజానికి ఈ పది రోజులకు కావాల్సినవన్నీ మన ఇళ్లల్లోనే ఉన్నాయి: రాగిపిండి, పెసరబేడలు, పాలు, పెరుగు, గుడ్లు, అరటిపండ్లు, ఉర్లగడ్డలు. కారం, వేడి, గట్టిదనం ఈ మూడూ తగ్గించి వండుకుంటే సరిపోతుంది.

ఇక్కడ చెప్పిన రోజుల లెక్క మామూలుగా తీసిన పన్నుకు. పన్ను ఎముకలో ఇరుక్కుని ఉంటే చిగురు కోసి, ఎముక కొంచెం తొలిచి తీస్తారు. అట్లా తీసి ఉంటే ప్రతి దశనూ రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టండి. మీ డాక్టరు చెప్పినదానికీ దీనికీ తేడా ఉంటే డాక్టరు మాటే వినండి.

తీసింది ఒక్క పన్నే కదా, తిండికి ఇంత పట్టింపు ఎందుకు?

పన్ను ఊడివచ్చిన చోట ఎముకలో గుంత మిగులుతుంది. కాసేపట్లో అందులో రక్తం గడ్డకడుతుంది. మోకాలు దోక్కుపోతే పైన పక్కు కట్టినట్టే ఇదీ. ఆ గడ్డ కింది ఎముకనూ నరాల కొసలనూ కప్పి కాపాడుతుంది, కొత్త కండ దాన్ని ఆసరా చేసుకునే పెరుగుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లో అది ఊడిపోతే ఎముక బయటపడుతుంది. అప్పుడు చెవి దాకా, కణత దాకా లాగే నొప్పి మొదలవుతుంది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. పై దవడ కంటే కింది దవడ జ్ఞాన దంతాలకు ఇది ఎక్కువగా వస్తుంది.

కాబట్టి తిండి విషయంలో చూసుకోవాల్సినవి రెండే. ఆ గడ్డను కదిలించకూడదు, ఒంటికి బలం తగ్గకూడదు. చాలామంది మొదటిదే పట్టుకుని రెండోది వదిలేస్తారు. నొప్పికి భయపడి రెండు రోజులు మజ్జిగ నీళ్లతో గడిపేస్తారు. నీరసం వస్తుంది, మాత్రలకు కడుపు మండుతుంది, పుండు మానడమూ ఆలస్యమవుతుంది. పస్తు ఉండటం ఇక్కడ పథ్యం కిందికి రాదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినాక ఎంతసేపటికి తినొచ్చు?

గాయం మీద పెట్టిన కాటన్‌ను అరగంట నుంచి ముప్పావు గంట దాకా గట్టిగా కరిచి పట్టుకోమంటారు. అది తీసేసినాక, రక్తం కారడం తగ్గితే చల్లటి నీళ్లు మెల్లగా గుక్క గుక్కగా తాగొచ్చు. నమిలే తిండి మాత్రం తిమ్మిరి పూర్తిగా పోయేదాకా వద్దు. సూది మందు ప్రభావం మామూలుగా రెండు నుంచి నాలుగు గంటలు, కొన్ని మందులతో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఆ సమయంలో పెదవి, బుగ్గ, నాలుక మన స్వాధీనంలో ఉండవు. కొరుక్కున్నా, కాలినా తెలియదు. చిన్నపిల్లల్లాగే పెద్దవాళ్లు కూడా బుగ్గ లోపల కొరుక్కుని, సాయంత్రానికి రెండో పుండు తెచ్చుకుంటారు.

మొదటి రోజు ఏమేం పెట్టాలి?

చల్లగా గానీ, గది వేడిలో గానీ ఉండి, నమలకుండా మింగగలిగేవి. చల్లారిన పాలు, పలుచటి మజ్జిగ, గిలక్కొట్టిన పెరుగు, చల్లార్చి వడగట్టిన రాగిజావ, మెత్తగా చిదిమి పాలల్లో కలిపిన అరటిపండు. ఐస్‌క్రీమ్ తినొచ్చు. చల్లదనానికి నొప్పి కొంచెం ఊరట పడుతుంది కూడా. అయితే జీడిపప్పు, చాక్లెట్ ముక్కలు లేనిది, కోన్ లేకుండా కప్పులో ఉన్నది, చెంచాతో తినండి. పుల్ల ఐసు చప్పరించొద్దు. అదొక్కటే తిని కడుపు నింపుకోవద్దు, అందులో చక్కెర తప్ప బలం పెద్దగా ఉండదు.

వేడి వేడి చారు, పొగలు కక్కే కాఫీ మొదటి 24 గంటలు దగ్గరికి రానివ్వొద్దు. వేడికి రక్తం మళ్లీ కారే ప్రమాదముంది.

రాగిజావలో చెనిక్కాయల పొడి, పప్పుల పొడి కలిపే అలవాటు కొన్ని ఇళ్లల్లో ఉంది. ఈ వారం ఆ పొడులు ఆపండి. పలుకు పలుకుగా గుంతలో చేరతాయి.

స్ట్రాతో తాగొద్దంటారు ఎందుకు?

స్ట్రాతో పీల్చినప్పుడు నోట్లో గాలి లాగినట్టవుతుంది. ఆ లాగుడుకు గడ్డ ఊడిరావచ్చు. కాబట్టి కనీసం వారం రోజులు స్ట్రా వద్దు. బండి దగ్గర కొబ్బరి నీళ్లు తాగేటప్పుడు అడక్కుండానే స్ట్రా వేసి ఇస్తారు. ఇంటికి తెచ్చుకుని గ్లాసులో పోసుకోండి. పీల్చడం అంటే స్ట్రా ఒక్కటే అనుకోకండి. రసం మామిడిపండును పిసికి చప్పరించడం, ములక్కాడ చీకడం, ఎముకలో మూలుగ పీల్చడం, బీడీ దమ్ము లాగడం అన్నీ అదే కోవలోకి వస్తాయి. గట్టిగా ఉమ్మడం కూడా అంతే. నోట్లో నీళ్లు, లాలాజలం చేరితే తల వంచి వాటంతట అవే జారిపోనివ్వండి.

రాగి సంగటి ఎప్పటి నుంచి తినొచ్చు? ముద్ద ఎట్లాగూ నమలం కదా?

సీమలో అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఇదే. అడగడంలో న్యాయమూ ఉంది. సంగటి ముద్దను పులుసులో అద్ది మింగడమే మన అలవాటు, పళ్లతో పని లేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో ఇంత ఉన్నవి అరుదు. కడుపులో నిలకడగా ఉంటుంది, గంటకే ఆకలి వేయదు.

అయినా మొదటి రెండు రోజులు వద్దంటాను. మూడు కారణాలు. సంగటి రుచి అంతా వేడిలో ఉంటుంది, ఆ వేడి అప్పుడు పనికిరాదు. ముద్ద మింగాలంటే నోరు బాగా తెరవాలి, వాపు ఎక్కువగా ఉండే రెండో మూడో రోజుల్లో నోరు అంత తెరుచుకోదు. గట్టిగా కెలికిన సంగటి జిగురుగా పళ్లకు, కుట్లకు అంటుకుంటుంది.

మూడో రోజు గానీ నాలుగో రోజు గానీ మొదలుపెట్టండి, వండే తీరు కొంచెం మార్చండి. బియ్యం బాగా మెతుకు చితికేదాకా ఉడికించి, నీళ్లు ఎక్కువ పోసి, రాగిపిండి కొద్దిగా వేసి జారుగా కెలకండి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత చల్లారనివ్వండి. నెయ్యి కలిపి, మామూలు ముద్దలో నాలుగో వంతు చొప్పున తీసుకుని, పన్ను తీయని పక్కకు పెట్టుకుని మింగండి. అంత మాత్రం కూడా కష్టంగా ఉంటే అదే సంగటిని పలుచటి మజ్జిగలో గిలక్కొట్టి చెంచాతో తాగండి.

అసలు చిక్కు సంగటితో కాదు, పక్కన పెట్టుకునే వాటితోనే. గోంగూర పులుపు మండుతుంది. ఊరిబిండిలో కారంతో పాటు చెనిక్కాయల పలుకులుంటాయి. నాటుకోడి పులుసులో కారం సంగతి చెప్పనక్కర్లేదు. ఈ వారానికి పెసరకట్టు, కారం లేని సొరకాయ పప్పు, వడగట్టిన కోడి రసం, పెరుగు చాలు. గట్టి సంగటి, మామూలు ముద్ద పది రోజులు దాటినాక చూసుకోవచ్చు.

పప్పు తింటే చీము పడుతుందని మా అవ్వ ముట్టుకోనివ్వడం లేదు. నిజమేనా?

కాదు. పుండులో చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది. కందిపప్పు, పెసరపప్పు, గుడ్డు, చేప వీటిలో ఏదీ చీము పుట్టించదు. పైగా కొత్త కండ కట్టడానికి ఒంటికి కావాల్సిన మాంసకృత్తులు వీటిల్లోనే ఉన్నాయి. మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 55 కిలోల మనిషికి 45 గ్రాములకు పైగా. మజ్జిగన్నం ఒక్కదానితో అందులో సగం కూడా చేరదు. అదే అర లీటరు పాలు తాగితే సుమారు 16 గ్రాములు, రెండు గుడ్లకు 12, 50 గ్రాముల పెసరబేడలకు 12, ఒక కప్పు పెరుగుకు 6 వస్తాయి. వీటిలో ఏదీ నమలాల్సిన పని లేదు, ఏదీ ఖరీదైనది కాదు.

ఇంట్లో పెద్దవాళ్లతో దీని మీద వాదన పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. జ్వరం వస్తే పెసరకట్టు కాచి పోసింది ఆ అవ్వలూ జేజిలే. అదే కాచి పెట్టమనండి. పెసరబేడలను మెత్తగా ఉడికించి, మెదిపి, పసుపు, ఉప్పు వేసి, జీలకర్రను పొడి చేసి కలిపి, వడగట్టి గోరువెచ్చగా ఇవ్వాలి. పోపు వద్దు. పోపులో వేగిన ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప గింజ సరిగ్గా ఆ గుంతకు సరిపోయేంత ఉంటాయి, అందులో పడితే బయటికి రావు.

వంకాయ, చేప, గుడ్డు ఎప్పుడు తిన్నా ఒంటికి దురద, దద్దుర్లు వచ్చే వాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఎప్పుడూ పడవు, ఇప్పుడూ వద్దు. మిగిలినవాళ్లు గుడ్డు, చేప మానాల్సిన అవసరం లేదు.

కారం లేకుండా ముద్ద దిగదు. కొంచెం వేసుకోవచ్చునా?

మొదటి వారం వద్దు. కారం పచ్చి పుండు మీద పడితే మంట పుడుతుంది. మంటకు నోట్లో నీళ్లూరతాయి, పదే పదే ఉమ్మాలనిపిస్తుంది, నాలుకతో అక్కడే తడుముతారు. అదే అసలు ప్రమాదం. ఎర్రకారం పూసి పైన పప్పుల పొడి చల్లిన కడప కారం దోశలో అంచు కరకర, కారం, పొడి మూడూ ఉన్నాయి. రెండు వారాలు దాటి, చిగురు మూసుకుంటున్నట్టు కనిపించినాకే దాని జోలికి వెళ్లండి.

అంతదాకా చప్పిడి తిండి తినాల్సిందేనా అంటే, రుచికి వేరే దారులున్నాయి. మిరియాలూ కారమే కాబట్టి వాటినీ పక్కన పెట్టండి. నెయ్యి, వేయించి మెత్తగా పొడిచేసిన జీలకర్ర, ఇంగువ, పాలల్లో కొద్దిగా యాలకుల పొడి బాగుంటాయి. తెల్లగడ్డను పప్పుతో కలిపి మెత్తగా ఉడికించి మెదిపేస్తే మంట ఉండదు. వారం తర్వాత పప్పులో ఒక పచ్చిమిరపకాయను చీల్చి వేసి ఉడికించి, తినేముందు తీసేయండి. వాసన వస్తుంది, మంట తక్కువ. ఊరగాయలు మాత్రం అన్నిటికంటే చివర.

ఇడ్లీ, ఉప్మా, ఉగ్గాని మెత్తగానే ఉంటాయి కదా?

మెత్తగా ఉండటం వేరు, పలుకులు పలుకులుగా విడిపోవడం వేరు. ఇడ్లీని రెండో రోజు నుంచి పాలల్లో గానీ, కారం లేని పప్పు కట్టులో గానీ నానబెట్టి పూర్తిగా మెదిపి తినండి. పొడి ఇడ్లీ తింటే రవ్వ గుంతలోకి పోతుంది. ఉప్మా అయితే నీళ్లెక్కువ పోసి జావలాగా, పోపు లేకుండా, మూడో రోజు తర్వాత. పెసరబేడలు ఎక్కువ వేసి గుజ్జుగా వండిన పొంగలి వీటన్నిటికంటే మేలు. మిరియాలు, జీడిపప్పు తీసేయండి.

ఉగ్గానికి ఆగాలి. బొరుగులు ఎంత నానినా పళ్ల సందుల్లో అతుక్కుంటాయి, పైన పప్పుల పొడి, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ ముక్కలు, నిమ్మరసం. పది రోజుల తర్వాత ఉగ్గాని తినొచ్చు. పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం ఇంకో వారం ఆగినాకే.

జొన్న రొట్టె, చెనిక్కాయలు?

రొట్టె గట్టిది, నమలడానికి దవడకు పని ఎక్కువ. వారం తర్వాత వేడి పాలల్లో గానీ పప్పులో గానీ ముక్కలు చేసి బాగా నానేదాకా ఉంచి, చల్లారినాక తినండి. మామూలుగా తుంచుకుని తినడానికి రెండు వారాలు పడుతుంది. సజ్జ రొట్టెకూ ఇదే లెక్క. చెనిక్కాయలు, బెల్లం పాకం ఉండలు, మురుకులు, వేయించిన శనగలు మూడు నాలుగు వారాల దాకా వద్దు.

మాంసం ఎప్పుడు?

రెండో రోజు నుంచి కోడి ముక్కలను అల్లం, పసుపు, ఉప్పుతో బాగా ఉడికించి వడగట్టిన రసం తాగొచ్చు. తాగడానికి హాయిగా ఉంటుంది గానీ, బలమంతా రసంలోకి దిగిపోతుందనుకోవద్దు. మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ముక్కలోనే ఉండిపోతుంది. అందుకే ఆ రసంలోనే ఒక గుడ్డు గిలక్కొట్టి పోసి బాగా ఉడకనివ్వండి. గుడ్డు పొరటు మెత్తగా, నూనె తక్కువగా, కారం లేకుండా మూడో రోజు నుంచి తినొచ్చు. ముళ్లు తీసిన మెత్తటి చేప, మెత్తగా మెదిపిన కైమా వారం తర్వాత. ఎముకలున్న నాటుకోడి, పొట్టేలు మాంసం రెండు మూడు వారాలు ఆగాలి. ఎముక ముక్క సూదిగా చిగురులో దిగితే మళ్లీ మొదటికొస్తుంది.

పండ్లలో ఏవి మంచివి?

అరటి, బొప్పాయి, బాగా మగ్గిన సపోటా, కర్బూజ. పులివెందుల చుట్టుపక్కల అరటి ఏడాది పొడుగునా దొరుకుతుంది, కాబట్టి కాలంతో పని లేదు. చెంచాతో మెదిపి తినండి. మామిడికాలంలో అయితే బనగానపల్లె పండు మంచిది, దానిలో పీచు దాదాపు ఉండదు. కోసి, గుజ్జు చేసి, చెంచాతో. పీచున్న రసాలు మాత్రం వద్దు.

అనంతపురం చీనీకాయల రసం తియ్యగానే ఉన్నా అందులో పులుపు కొంత ఉంటుంది. నాలుగో రోజు తర్వాత, గింజలూ తొనల పీచూ లేకుండా వడగట్టి, సగం నీళ్లు కలిపి, గ్లాసుతో తాగండి. నిమ్మ, అనాస, ద్రాక్ష పుండు మండినంత కాలం పక్కన పెట్టండి. దానిమ్మ గింజలు, జామకాయ గింజలు గుంతలో ఇరుక్కునే రకం, మూడు వారాల తర్వాత చూసుకోవచ్చు.

నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోవడం లేదు. ఏం తినిపించాలి?

కింది పన్ను తీసినప్పుడు దవడ కండరాలు బిగుసుకుపోవడం తరచుగా జరిగేదే. వాపు మామూలుగా రెండు మూడు రోజులకు బాగా ఎక్కువై, తర్వాత తగ్గుతుంది. బిగుతు వారం పది రోజుల్లో వదులుతుంది. అంతదాకా పిల్లలకు పెట్టే చిన్న చెంచా వాడండి. రాగిజావ, పెసరకట్టు, పాలల్లో మెదిపిన అరటి, మిక్సీలో వేసి మెత్తగా తిప్పిన అన్నం పప్పు, ఉడికించి మెదిపిన ఉర్లగడ్డ లేదా గుమ్మడికాయను పాలతో పలుచన చేసినది. మూడు పూటలకు బదులు ఆరు సార్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. వాపుకు మొదటి రోజు బుగ్గ మీద గుడ్డలో చుట్టిన ఐస్ పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, అంతసేపు తీసేయాలి. రెండో రోజు దాటినాక గోరువెచ్చటి కాపడం పనిచేస్తుంది. పది రోజులైనా నోరు అంతే ఉంటే డాక్టరుకు చూపించాలి.

మాత్రలకూ తిండికీ ఏమన్నా సంబంధం ఉందా?

ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో పుండు పడొచ్చు. ముందు ఒక గ్లాసు జావ గానీ, పెరుగన్నం గానీ పడాలి. నొప్పి ఉంది కాబట్టి తినలేను, తినలేదు కాబట్టి మాత్ర వేసుకోలేను అని చాలామంది రాత్రంతా బాధపడతారు. తిమ్మిరి పూర్తిగా వదలకముందే ఒక గ్లాసు చల్లటి జావ మెల్లగా తాగి, డాక్టరు చెప్పిన మాత్ర వేసుకుంటే ఆ చిక్కు రాదు.

అమాక్సిసిలిన్ పాలతో ఇబ్బంది పడదు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ రాసి ఉంటే పాలు, పెరుగు, రాగిజావకు కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. వాటిలోని కాల్షియం ఈ మందులను ఒంటికి పట్టనివ్వదు. మెట్రోనిడజోల్ వేసుకుంటే నోరంతా లోహం చప్పరించినట్టు చేదుగా ఉంటుంది. అది మందు గుణం, పుండు చెడిపోయిందని బెదిరిపోవద్దు. ఆ మాత్ర వాడినన్ని రోజులు, ఆపినాక కూడా రెండు మూడు రోజులు మద్యం తాకకూడదు.

ఆస్పిరిన్, రక్తం పలుచన చేసే మందులు వాడే వాళ్లు వాటిని సొంతంగా ఆపొద్దు. రాసిచ్చిన డాక్టరును, పన్ను తీసే డాక్టరును ఇద్దరినీ అడగాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఏం చేయాలి?

మెత్తటి తిండి అనగానే బెల్లం జావ, ఐస్‌క్రీమ్, పండ్ల రసం గుర్తొస్తాయి. అవి షుగర్ పెంచుతాయి, షుగర్ పెరిగితే పుండు మానదు. రాగిజావను మజ్జిగ, ఉప్పుతో తాగండి. పలుచగా కాచిన జావ కూడా చక్కెరను త్వరగానే పెంచగలదు కాబట్టి దానితో పాటు గుడ్డు, పెసరకట్టు, పెరుగు తప్పనిసరిగా ఉండాలి. దీనికి ఎదురు ప్రమాదం ఇంకోటుంది. తిండి సగానికి తగ్గించి, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో మాత్రం మామూలు మోతాదులో వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తల తిరగడం కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పన్ను తీయించుకునే ముందే ఈ రోజుల్లో మోతాదు ఎంతో డాక్టరును అడిగి రాసుకోండి.

రోజా ఉండొచ్చా? శనివారం ఉపవాసం?

మొదటి మూడు రోజులు ఉపవాసం మంచిది కాదు. నీళ్లు తాగకపోతే నోరు ఎండిపోతుంది, మాత్రల వేళ తప్పుతుంది. జబ్బు మనిషి రోజా తర్వాత తీర్చుకోవచ్చని ఇస్లాంలోనే వెసులుబాటు ఉంది. అవకాశముంటే పన్ను తీయించుకునే తేదీనే రంజాన్ తర్వాతకు మార్చుకోవడం అన్నిటికంటే సుళువు. నెలలోనే తప్పనిసరైతే ఇఫ్తార్‌కు ఖర్జూరాన్ని గింజ తీసి పాలల్లో నానబెట్టి మెదిపి తినండి. హలీం మెత్తగానే ఉంటుంది గానీ మసాలా, వేయించిన ఎర్రగడ్డ, ఎముక తునకలు ఉంటాయి. వారం పోనివ్వండి.

ఎండాకాలంలో తీయించుకుంటే?

మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో నీళ్లు తక్కువైతే నోరు పిడచగట్టుకుపోతుంది. మజ్జిగ, కొబ్బరి నీళ్లు, నీళ్లు రోజంతా గుక్క గుక్కగా తాగుతూ ఉండండి. నన్నారి షర్బత్ తాగొచ్చు, నిమ్మరసం, సబ్జా గింజలు లేకుండా. నానిన సబ్జా గింజ జారుడుగా గుంతలోకి దిగిపోతుంది. సోడా, కూల్‌డ్రింకులు వద్దు. బయట బండ్ల మీద చెరుకురసం, నీళ్లెక్కడివో తెలియని ఐసు కూడా వద్దు, పచ్చి పుండు ఉన్న నోటికి అది మంచిది కాదు.

టీ, కాఫీ, వక్కాకు, బీడీ, మందు?

టీ, కాఫీ రెండో రోజు నుంచి గోరువెచ్చగా. మద్యం మాత్రలు పూర్తయ్యేదాకా వద్దు. బీడీ, సిగరెట్ తక్కువలో తక్కువ మూడు రోజులు, వీలైతే రెండు వారాలు మానాలి. పొగలోని వేడి, లాగుడు, నికోటిన్ మూడూ పుండుకు చేటే. డ్రై సాకెట్ పొగ తాగేవాళ్లకే ఎక్కువ. గుట్కా, ఖైనీ, వక్క, సున్నం గుంతలోకి చేరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మానేయడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు, నోరే సహకరిస్తోంది.

గుంతలో అన్నం మెతుకు ఇరుక్కుంది. తీసేయాలా?

పుల్లతో, పిన్నుతో, వేలితో కెలకొద్దు. 24 గంటలు దాటినాక ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీచెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తలను అటూ ఇటూ వంచండి, బుడబుడమని పుక్కిలించొద్దు. మెతుకు దానంతట అదే వస్తుంది. రెండు మూడు సార్లకు రాకపోయినా కంగారు పడాల్సిన పని లేదు. వారం దాటినాక కూడా తిండి చేరుతుంటే, డాక్టరు సరేనంటే సూది లేని సిరంజితో ఉప్పునీళ్లు మెల్లగా కొట్టి కడుక్కోవచ్చు. గుంతలో పసుపు, లవంగాల పొడి కూరడం, సున్నం పెట్టడం చేయొద్దు. తెల్లగా పొరలాంటిది కనిపిస్తే అది చాలాసార్లు మానుతున్న కండే, గోకి తీసేయకండి.

పదో రోజు దగ్గరి బంధువుల పెళ్లి ఉంది. భోజనానికి కూర్చోవచ్చా?

నిక్షేపంగా. పప్పన్నం నెయ్యితో, పెరుగన్నం, పాయసం, ఓళిగలో మెత్తటి భాగం పాలల్లో నానబెట్టుకుని తినండి. అప్పడాలు, వడలు, వేపుళ్లు వడ్డించనివ్వకండి. చివర్లో తాంబూలం చేతిలోకి తీసుకోండి, నోట్లోకి వద్దు.

ఏం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి?

మొదటి రోజు ఉమ్మిలో ఎర్రజీర కనిపించడం మామూలే. శుభ్రమైన కాటన్ మడిచి అరగంట గట్టిగా కరిచినా రక్తం ఆగకపోతే ఆలస్యం చేయొద్దు. రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల్లోపు, తగ్గుతున్న నొప్పి ఒక్కసారిగా పెరిగి చెవికి లాగుతూ, నోరు కంపు కొడుతుంటే అది డ్రై సాకెట్ కావచ్చు. తిండి మార్చినందువల్ల అది తగ్గదు, డాక్టరు గుంతను కడిగి మందు పెడితేనే ఉపశమనం. జ్వరం, మూడో రోజు తర్వాత కూడా పెరుగుతున్న వాపు, చీము, మరుసటి రోజుకు కూడా వదలని పెదవి లేదా నాలుక తిమ్మిరి ఉన్నా చూపించాలి. ఒక పూటంతా నీళ్లు కూడా దిగకపోయినా అంతే.

పన్ను తీసిన చోటికే వెళ్లడం మంచిది. అది కుదరకపోతే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలు, అనంతపురం వాళ్లు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లొచ్చు. గొంతు కిందికి వాపు పాకి మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.